గుర్రం కారు

వనపర్తి,
3 ఫిబ్రవరి 2002

తమ్ముడు బాలరాజుకు,

మేమంతా బాగున్నాము, నువ్వు బాగుండాలి. ఈ మాట లేకపోతే ఉత్తరంలా ఉండదని రాశాను గానీ, ఇంట్లో నిజంగా బాగున్నది మీ బావ ఒక్కడే. ఆయనకు పిచ్చి పట్టింది. పిచ్చిపట్టినవాళ్లు హాయిగానే ఉంటారు, చుట్టూ ఉన్నవాళ్లకే పరేషాన్.

గద్వాలలో పత్తి మిల్లున్న మల్లన్న తెలుసు కదా. పోయిన వారం ఒక కారును ట్రాక్టరుకు కట్టి మన షెడ్డుకు లాక్కొచ్చాడు. అమెరికా కారట. హైదరాబాదులో ఎవరో విదేశీ ఆఫీసరు పోతూ పోతూ అమ్మితే వాళ్ల నాయన కొన్నాడట. నాయన పోయినప్పటి నుంచి మిల్లు వెనక రేకుల కింద పడి ఉంది. ముందర జాలీ మీద పరుగెత్తే గుర్రం బొమ్మ. స్టీరింగేమో ఎడమ పక్క. సీట్లలో ఎలుకలు పురుళ్లు పోసుకున్నాయి. బానెట్ తెరిస్తే లోపల ఇంజను కాదు, మా అత్త వంటిల్లంత ఉంది. ఎనిమిది సిలిండర్లట. మన వాడకట్టు పిల్లలు దానికి గుర్రం కారు అని పేరు పెట్టేశారు.

"హైదరాబాదుల పెద్ద పెద్ద మిస్త్రీలే చేతులెత్తేసిండ్రంట స్వరూపా. గీ బండిని నడిపియ్యకుంటే నేను మల్ల స్పానర్ ముట్ట" అన్నాడు మీ బావ. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు, ఈ గుర్రం సంగతేమిటో మరి. జీపులు, ట్రాక్టర్లు బయట ఎండలో నిలబడి ఉన్నాయి, ఈయన దీని కింద పడుకుంటున్నాడు.

అసలు కారణం వేరే ఉంది. లలితకు సంబంధం కుదిరింది. గద్వాలలో బట్టల దుకాణం ఉన్న విజయ్ అనే పిల్లవాడు, మంచివాడు. పెళ్లి వైశాఖంలో. మల్లన్న ఒక మాట అన్నాడు: "నాగన్నా, బండి నడిస్తే మీ చెల్లెను గిండ్లనే అత్తగారింటికి పంపు." ఆ మాట పట్టుకున్నాడు మీ బావ. మామ పోయినప్పుడు లలిత చిన్నపిల్ల, ఈయన వీపు మీదే పెరిగింది. ఆమెను గుర్రం కారులో కూర్చోబెట్టి, తానే నడుపుకుంటూ గద్వాల వీధుల్లో దింపి రావాలని ఆశ. ఇంత ఆశ నన్ను చేసుకున్నప్పుడు కూడా ఆయన ముఖంలో చూడలేదు.

నువ్వు ఇలాంటి కార్ల మధ్యనే ఉన్నావు కాబట్టి ఏమి చెయ్యాలో వివరంగా రాయి. ఆయనకు స్పానరు తిరిగినట్టు పెన్ను తిరగదు, అందుకే నేను రాస్తున్నాను. నువ్వు రాసింది నేనే చదివి వినిపిస్తాను.

మీ అక్క,
స్వరూప

*

బొంబాయి,
13 ఫిబ్రవరి 2002

అక్కకు, బావకు నమస్కారం.

ఉత్తరం చదివి గ్యారేజీలో అందరికీ చెప్పాను. మా వనపర్తిలో మస్టాంగ్ ఉంది అంటే ఒక్కడూ నమ్మలేదు. ఇక్కడ మా ఉస్తాద్ దగ్గర ఉన్నవన్నీ అలాంటి పాత అమెరికా బండ్లే, సినిమా షూటింగులకు అద్దెకు పోతాయి. వాటిని నడపడం ఒక రోజు పని, నడిచేలా ఉంచడం మిగతా రోజులన్నీ పని.

బావకు ఇది నిదానంగా చదివి వినిపించు. తొందరపడి తాళం తిప్పొద్దు. ముందు ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కొద్దికొద్దిగా ఆయిలు పోసి నానబెట్టాలి. తర్వాత ఫ్యాను చేత్తో తిప్పి, ఇంజను కదులుతుందా లేదా చూడాలి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే పారబోయాలి, అడుగున తుప్పు పేరుకొని ఉంటుంది. కార్బొరేటరు మొత్తం విప్పి కడగాలి.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. ఇంత పాత మోడల్లో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఎక్కడైనా ఒక్కచోట పోయిందంటే నాలుగూ పోతాయి, కాలు నేలకు తగులుతుంది. బావ జీపులకు ఆముదంలో స్పిరిట్ కలిపి పోస్తాడు కదా, నేనూ ఆ షెడ్డులో ఎన్నోసార్లు పోశాను. ఈ బండికి ఆముదం వద్దే వద్దు అని చెప్పు. చక్రాల దగ్గర లోపల ఉండే రబ్బర్లు ఇన్నేళ్లకు రాయిలా అయిపోయి ఉంటాయి. కొత్తవి, అసలు బ్రేకు ఆయిలు నేను పంపిస్తాను.

బావ మీద నాకు నమ్మకం ఉంది. నాకు నట్టు ఏదో బోల్టు ఏదో చూపించింది ఆయనే. మొట్టికాయలు కూడా ఆయనవే.

నీ తమ్ముడు,
బాలరాజు

*

వనపర్తి,
18 మార్చి 2002

బాలరాజుకు అక్క ఆశీస్సులు.

నిన్న పొద్దున గుర్రం లేచింది.

ఆ శబ్దం నీకు రోజూ అలవాటేమో గానీ, మా వాడకట్టులో ఎవరూ వినలేదు. గొంతులో కఫం ఉన్న పెద్దపులి దగ్గినట్టు రెండుసార్లు దగ్గింది, నల్లటి పొగ కక్కింది, ఆ తర్వాత ఒకటే గుర్రుమనడం. పక్కింటి నర్సమ్మ మేకలు తాళ్లు తెంపుకొని పోయాయి. మా అత్త జములమ్మ ఉరుకుతూ వచ్చి "ఏందిరా, షెడ్డు కూలిందా?" అని అరిచింది. మీ బావ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి ఏడుస్తున్నాడు. నేను కూడా ఏడ్చాను, ఎందుకో తెలియదు.

ఇంజను అయింది, ఇక బ్రేకులు. నువ్వు చెప్పినట్టే రబ్బర్లు గట్టిపడి పగిలిపోయి ఉన్నాయి. నీ సరుకు కోసం ఎదురు చూస్తున్నాడు.

మా అత్త సంగతి మామూలే. అత్త లేని కోడలు ఉత్తమురాలు అని ఊరికే అనలేదు. నేను వండితే ఉప్పు ఎక్కువ, ఊడిస్తే దుమ్ము ఎక్కువ. పెళ్లి పనులన్నీ నా నెత్తి మీద, మాటలన్నీ ఆమె నోట్లో. నువ్వు ఒక వారం ముందే వస్తే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. పుట్టింటి తరఫున నాకు ఉన్నది నువ్వొక్కడివే.

స్వరూప

*

బొంబాయి,
1 ఏప్రిల్ 2002

అక్కా,

ఇంజను లేచిందని చదివి చాలా సంతోషపడ్డాను. రబ్బర్లు, బ్రేకు ఆయిలు డబ్బా ఒక పెట్టెలో సర్ది, మన పాలమూరు బస్సు డ్రైవరు వెంకటన్న చేతికి ఇచ్చాను. వనపర్తి బస్టాండులో దింపుతాడు. మంచి సరుకు, ఇక్కడ మేము వాడేదే.

ఒక మాట చెప్పాలంటే నోరు రావడం లేదు. మే నెలంతా షూటింగు ఉంది, కార్లను పరుగెత్తించి గుద్దించే సినిమా. రోజూ మేము పక్కన ఉండాల్సిందే. లీవు అడిగితే ఉస్తాద్ "పోతే మళ్లీ రాకు" అన్నాడు. ఇంకోసారి అడుగుతాను. రాలేకపోతే లలిత ఏమీ అనుకోవద్దు, నువ్వు అసలే అనుకోవద్దు.

బాలరాజు

*

వనపర్తి,
28 ఏప్రిల్ 2002

బాలరాజుకు,

పెట్టె అందింది. నువ్వు రానని రాసిన ఉత్తరం కూడా అందింది. లలిత ఏమీ అనుకోలేదు, నేను మాత్రం చాలా అనుకున్నాను. పెళ్లిలో అందరి అన్నదమ్ములూ తిరుగుతుంటే నేను ఎవరి వైపు చూడాలి? సినిమాలో కార్లు గుద్దుకోవడం చూడటానికి నీకు తీరిక ఉంది గానీ అక్క ముఖం చూడటానికి లేదు. సరే, పోనీ.

మీ బావ రబ్బర్లు బిగించేశాడు. ఎంత శుభ్రంగా చేశాడనుకున్నావు! బేసిను నిండా కిరోసిన్ పోసి, పాత సామానూ నువ్వు పంపిన కొత్త రబ్బర్లూ అన్నీ అందులో ముంచి, బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగాడు. "బాలరాజు చూస్తే ముద్దు పెట్టుకుంటడు, గంత సాఫ్ చేసిన" అన్నాడు. ఆముదం మాత్రం ముట్టలేదు, నువ్వు చెప్పావని. నీ డబ్బాలో ఆయిలే పోశాడు. సాయంత్రం బండిని బిజినేపల్లి రోడ్డు మీద కొంత దూరం తిప్పుకొచ్చాడు. బ్రేకు తొక్కితే గోడకు కొట్టినట్టు ఆగిందట. ఇక పెళ్లి దాకా కదిలించనని కడిగి గుడ్డ కప్పాడు.

పెళ్లి మే పదహారు. నీకు బుద్ధి పుడితే రా.

స్వరూప

*

(పోస్టుకార్డు)

బొంబాయి,
6 మే 2002

అక్కా, బావా,

ఉత్తరం ఇప్పుడే అందింది. పని మధ్యలో రాస్తున్నాను, చేతులు కడుక్కోలేదు, కార్డంతా నల్లగా అయింది, ఏమనుకోవద్దు. కవరు కోసం పోకుండా ఇదే డబ్బాలో వేస్తున్నాను.

ఆ కారును రోడ్డు ఎక్కించొద్దు. బ్రేకు రబ్బర్లకు కిరోసిన్ తగలకూడదు. తగిలితే మెల్లగా ఉబ్బుతాయి. మొదట బాగానే పట్టినట్టు ఉంటుంది, తర్వాత చక్రాలు వదలవు, వేడెక్కి వేడెక్కి ఒక్కసారిగా పెడల్ కిందికి పోతుంది. ఇక్కడ ఒక బండికి అలాగే అయింది. అన్ని షెడ్లలోనూ కిరోసిన్‌తోనే కడుగుతామని తెలిసి కూడా ముందే రాయాలని నాకు తోచలేదు. వేరే రబ్బర్లు పెళ్లి అయ్యాక పంపుతాను. లలితను జీపులో పంపండి. ఎస్టీడీ బూతుకు చేశాను, లైను కలవడం లేదు.

బాలరాజు

*

వనపర్తి,
14 మే 2002

బాలరాజుకు,

ఇల్లంతా చుట్టాలు. పందిరి వేశారు, కూరగాయలు దిగాయి, నాకు కూర్చోవడానికి చోటు లేక షెడ్డులో టైరు మీద కూర్చొని రాస్తున్నాను. పోయిన ఉత్తరంలో నిన్ను తిట్టానని నువ్వు మూగనోము పట్టావా? లలితకు ఒక దీవెన ముక్క అయినా రాయొద్దా? గాలివానకు ఫోన్ వైర్లు తెగి పడ్డాయి, సరే. పోస్టు నడుస్తూనే ఉంది కదా. ఇంత పంతం మన నాయనకు కూడా లేదు.

ఒక వింత చెప్తాను. పొద్దు పడమట పొడిచింది. మా అత్త మొన్నటి నుంచి నన్ను ఒక్క మాట అనడం లేదు. నా తల దువ్వింది. "ఎప్పుడు తిన్నవో ఏమో, తిను బిడ్డా" అని నెయ్యి వేసి కలిపి పెట్టింది. నన్ను చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. కూతురు పోతుందని బెంగ పెట్టుకొని, మిగిలేది నేనే అని జ్ఞానం వచ్చిందేమో. పెళ్లి అయ్యాక కూడా ఇలాగే ఉంటే లలితకు ఏటా పెళ్లి చెయ్యమంటాను.

మీ బావ నిన్న కారు గుడ్డ తీసి, కొంచెం ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. చక్రాలు కాస్త పట్టినట్టు ఉన్నాయట. "కొత్త రబ్బర్లు గట్లనే ఉంటయి, నాలుగు మైళ్లు పోతే సద్దుకుంటయి" అన్నాడు. నీకేమైనా తోస్తే రాయమన్నాడు. నువ్వు రాయవని చెప్పాను.

స్వరూప

*

వనపర్తి,
30 మే 2002

బాలరాజుకు,

నీ బావ లేడు.

లలితను సాగనంపే రోజే పోయాడు. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను, ఇంకెందుకూ కాదు.

పెళ్లి బాగా జరిగింది. మధ్యాహ్నం అప్పగింతలు అయ్యాక కారుకు పూలు కట్టారు. వెనక సీట్లో లలిత, విజయ్. ఈయన ఎడమ పక్క కూర్చొని, జేబురుమాలుతో స్టీరింగు తుడిచి, నా వైపు చూసి నవ్వాడు. మేమంతా జీపులో వెనకే ఉన్నాము. పెబ్బేరు దాటేదాకా బాగానే పోయింది. తర్వాత చక్రాల దగ్గర కాలిన వాసన వస్తోందని ఆపి నీళ్లు పోశాడు. "జర వేడైంది, ఏం గాదు" అన్నాడు. బీచుపల్లి వంతెన ముందు రోడ్డు కిందికి దిగుతుంది కదా. అక్కడ లారీలు వరసగా ఆగి ఉన్నాయి. అందరూ ఆగుతున్నారు, గుర్రం కారు మాత్రం ఆగలేదు. హారన్ కొడుతూనే పోతోంది. ఆయన దాన్ని లారీల మీదికి పోనివ్వకుండా, తన పక్కనే దెబ్బ తగిలేటట్టు రోడ్డు పనికి పోసిన కంకర గుట్టకు తిప్పాడు. నేను చూస్తూనే ఉన్నాను. లలితకు చెయ్యి విరిగింది, విజయ్ తలకు కుట్లు పడ్డాయి. ఈయనకు స్టీరింగు ఎదురు రొమ్ములో దిగింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే, నా ఒడిలోనే పోయాడు. లలిత ఎట్లుంది అని అడిగాడు. బాగుంది అన్నాను. అంతే.

కారు విప్పి చూసిన మిస్త్రీ రబ్బర్లు ఉబ్బి పనికిరాకుండా పోయాయన్నాడు. బొంబాయి నుంచి బామ్మర్ది దొంగ సరుకు పంపాడని ఊరంతా అంటోంది. అది నిజమో కాదో నాకు తెలియదు.

నీకు టెలిగ్రాం ఇద్దామని నేనే అన్నాను. అత్త నా చెయ్యి పట్టుకొని ఆపింది. "ఇయ్యకు బిడ్డా, ఎవలికిస్తవ్" అన్నది. నీ పేరు ఎత్తితేనే ఆమె లేచి పోతోంది. ఆమె కొడుకు పోయాడు, ఆమె కోపం ఆమెది. దినాలు అయిపోయాయి. నువ్వు లేకుండానే అయిపోయాయి.

స్వరూప

*

బొంబాయి,
8 జూన్ 2002

అక్కా,

నీ ఉత్తరం చదివి ఎక్కడ కూర్చున్నానో ఎంతసేపు కూర్చున్నానో తెలియలేదు. నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి, పని నేర్పిన మనిషి. నేను ఆయనకు భుజం కూడా పట్టలేకపోయాను.

అక్కా, నా కార్డు అందలేదా? మే ఆరున వేశాను. కారు రోడ్డు ఎక్కించొద్దని రాశాను. కిరోసిన్‌తో కడిగాడని నువ్వు రాసింది చదివి, చేతిలో పని అక్కడే పడేసి రాశాను. రబ్బర్లు దొంగవి కావు. ఎంత మంచి రబ్బరైనా కిరోసిన్ తగిలితే ఉబ్బుతుంది. కార్డులో ఇదంతా ఉంది. పెళ్లికి ఇంకా పది రోజులుంది కదా, చేరుతుందిలే అని టెలిగ్రాం ఇవ్వలేదు. మూగనోము అని నువ్వు తిట్టిన ఉత్తరం నేను షూటింగు నుంచి వచ్చాకే చూశాను, నువ్వు అది రాసిన రోజుకు నా కార్డు మీ ఇంటికి చేరి ఉండాలి. ఎవరైనా తీసుకున్నారేమో అడుగు. పోస్టాఫీసులో అడుగు. నేను పంతం పట్టలేదు అక్కా. నన్ను ఇంకేమైనా అను, తెలిసి కూడా చెప్పలేదని మాత్రం అనుకోకు.

బయలుదేరి రమ్మంటే ఉస్తాద్‌ను కూడా వదిలేసి వస్తాను. ఒక్క మాట రాయి.

బాలరాజు

*

వనపర్తి,
17 జూన్ 2002

తమ్ముడూ,

నీ కార్డు దొరికింది.

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ ఇచ్చినప్పుడు అత్త గడపలోనే ఉంది. "ఎక్కడిది?" అంటే "బాలరాజు రాసిండు" అన్నాను. "బతికున్నడా? నీ తమ్ముడు బతికున్నడా?" అని నా గడ్డం పట్టుకొని అడిగింది. నాకు ఏమీ అర్థం కాలేదు. ఉరికి పోయి, బయటి చూరులో చెయ్యి పెట్టి, మడత పడిన కార్డు తెచ్చి ఇచ్చింది.

పెళ్లికి నాలుగు రోజుల ముందు వచ్చిందట. నేను బావి దగ్గర ఉన్నాను. బొంబాయి కార్డు అన్నాడట పోస్టుమ్యాన్. ఆమె చూసింది, మూలలన్నీ నల్లగా ఉన్నాయి. మన ఇళ్లలో నల్ల మూల కార్డు అంటే ఏమిటో నీకు తెలుసు. ఆమెకు చదువు రాదు. నువ్వు పోయావని ఎవరో రాశారనుకుంది. చదివిస్తే నాకు మైల, పందిట్లో ఉన్న ఇంటికి మైల, లలిత పెళ్లి ఆగిపోతుంది. చెవిన పడేదాకా మైల లేదు కదా. చావు కార్డును ఇంట్లోకి తేకూడదు, అందుకని చూరులో దోపి, నా తమ్ముడి చావును ఒక్కతే కడుపులో పెట్టుకొని పెళ్లి చేసింది. నాకు నెయ్యి కలిపి పెట్టింది అందుకే. టెలిగ్రాం వద్దన్నది అందుకే. కొడుకు పోయాక, రెండు చావులు ఈ పిల్ల ఒకేసారి ఎట్లా మోస్తుందని మళ్లీ దాచింది.

కార్డు నా చేతిలో పెట్టి "ఏం రాసిండు, సదువు" అన్నది.

చదివాను తమ్ముడూ, లోపల చదివాను. ఆ రెండు నిమిషాలు ఆమె గొంతు పిసకాలనిపించింది, నిజం చెప్తున్నాను. తర్వాత ఆమె ముఖం చూశాను. "పెండ్లికి రాలేకపోతున్న, లలితకు దీవెనలు అని రాసిండు" అన్నాను. "గంతేనా? ఇంకేం లేదా?" అని అడిగింది. లేదన్నాను. మళ్లీ అడిగింది. లేదన్నాను. "అయితే నేను దాసినందుకు ఏం నష్టం గాలే" అని, అక్కడే గచ్చు మీద పడి నిద్రపోయింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె నిద్రపోవడం అదే మొదలు. కార్డును పొయ్యిలో పెట్టాను.

కానీ నిద్ర లేచాక ఆమెకు నీ మీద కోపం వచ్చింది. బతికి ఉన్నావు కాబట్టి వచ్చింది. "బతికుండి గసుంటి రబ్బర్లు పంపిండా? జాగ్రత్త అని ఒక్క మాట రాయకపాయెనా? వాడు నా గడప తొక్కొద్దు" అంటోంది. నిన్న ఒక కొత్త మాట మొదలుపెట్టింది: "నిజంగ గంతే రాసిండా? పక్కింటి నర్సమ్మ కొడుకు సదువుతడు గద, ఆ కార్డు ఇయ్యి." పోయిందని చెప్పాను. ఆమె నమ్మలేదు.

నీ తప్పు లేదని నాకు తెలుసు. ఆ మాట ఈ ఇంట్లో చెప్పాలంటే, కొడుకును తానే చంపుకున్నానని ఆమెకు చెప్పాలి. అది విన్న రోజు ఆమె ఉండదు. అందుకే అడుగుతున్నాను, అడగకూడనిది అడుగుతున్నాను. ఆ నింద నువ్వు మోయి తమ్ముడూ. ఆమె పేరుతో ఒక ఉత్తరం రాయి. నర్సమ్మ కొడుకుతో చదివించుకుంటుంది, నేను చదివితే నమ్మదు. నువ్వు ఇక ఈ ఇంటికి రాలేవని తెలిసే అడుగుతున్నాను.

నీ అక్క

*

బొంబాయి,
27 జూన్ 2002

అత్తమ్మ జములమ్మ గారికి,

బొంబాయి నుంచి స్వరూప తమ్ముడు బాలరాజు నమస్కారం చేసి రాస్తున్న ఉత్తరం. చదివే తమ్ముడు దయచేసి నిదానంగా, అత్తమ్మకు అన్నీ వినబడేటట్టు చదవాలి.

అత్తమ్మా, నాగన్న బావ బండికి రబ్బర్లు పంపింది నేనే. మంచివో కావో చూడకుండా పంపాను. బావ చేతి పనిలో ఏ లోపమూ లేదు, ఆయన చేతికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. జాగ్రత్త అని ముందే రాయాల్సింది, రాయలేదు. పని తొందరలో మరిచిపోయాను. మే నెలలో నేను వేసిన కార్డులో పెళ్లికి రాలేనని, లలితకు దీవెనలని తప్ప ఇంకొక్క ముక్క లేదు. చేతికి గ్రీజు ఉండి మూలలు నల్లబడ్డాయి. అది అక్కకు అందినా అందకపోయినా జరగాల్సింది మారేది కాదు. ఈ మాట మీరు మనసులో గట్టిగా పెట్టుకోవాలి.

మా అక్క నా మీద కోపంతో ఉంది. ఆమెకు ఇక మీరే దిక్కు. నా మీది కోపం ఆమె మీద చూపొద్దని ఒక్కటే అడుగుతున్నాను. నేను మీ గడప తొక్కను, ఉత్తరాలు కూడా రాయను.

నేను పోయానని మీరు మా అక్కకు తెలియకుండా ఏడ్చారట. ఇకనుంచి అలాగే అనుకోండి.

బాలరాజు